త్యార్క్ వెనక ఎగిరినవాళ్లు

యుద్ధం మొత్తంలో త్యార్క్ ఓల్ట్‌మన్స్ పడగొట్టిన విమానాలు తొమ్మిదే. అంతకు పదింతలు పడగొట్టినవాళ్లు మా దళాల్లో ఉండేవారు. మెడలో పతకాలూ పత్రికల్లో ఫొటోలూ వాళ్లవి. త్యార్క్ గొప్పగా చెప్పుకునేది ఒక్కటే: "నా వెనక ఎగిరినవాడు ఒక్కడూ చావలేదు." అడిగినా అడక్కపోయినా ఈ మాట చెప్పేవాడు. కాస్త డాబుగానే ఉండేది గాని అప్పటికి అందులో అబద్ధం లేదు.

నేనూ అతని వెనక ఎగిరినవాణ్నే. తర్వాత అతని చెల్లెలు హిల్కెని పెళ్లి చేసుకుని, కొండల్లో పుట్టినవాణ్ని ఈ ఉత్తర సముద్రపు ఒడ్డున స్థిరపడిపోయాను.

త్యార్క్ తండ్రి సముద్రపు కట్టల మీద మట్టిపని చేసేవాడు. కొడుకు కూడా పార పట్టాల్సినవాడే. కాని పద్దెనిమిదేళ్లకి సైన్యంవాళ్లు విమానం నేర్పుతామంటే వెళ్లిపోయాడు. "ఎగరనిస్తామన్నారు, వెళ్లాను. ఎవరి కోసమని అప్పుడు అడగలేదు" అనేవాడు తర్వాత్తర్వాత.

మొదటి పోరాటం ఇంగ్లీషు ఛానల్ సముద్రం మీద జరిగింది. ముందు ఎగురుతున్న నాయకుడు ఒక ఇంగ్లీషు విమానాన్ని దెబ్బకొట్టాడు. అది పొగలు కక్కుతూనే ఎగురుతోంది. దాని పని పూర్తి చేద్దామని నాయకుడు వెనక్కి తిరిగాడు. అంతే, వెనక నుంచి మరొకటి వచ్చి అతణ్ని నీళ్లలో పడేసింది. త్యార్క్ కళ్లముందే జరిగిందిది. ఆ రోజే అతను తన పద్ధతి తేల్చుకున్నాడు: ఎండ వీపున పెట్టుకుని దిగాలి, ఒక్కసారి కాల్చాలి, వెళ్లిపోవాలి. తగిలిందా లేదా అని చూడ్డానికి వెనక్కి తిరగకూడదు.

రష్యాలో రెండు చలికాలాలు ఇదే పద్ధతిలో ఎగిరాడు. తోటివాళ్లు ఆటపట్టించేవారు. "ఓల్ట్‌మన్స్, నీ వెనక ఎగిరేవాడికి పింఛను ఖాయంరా! పతకం మాత్రం కల్లో మాట."

"పతకాలొచ్చినోళ్లలో పింఛను దాకా ఎంతమంది మిగిలారో చెప్పండి ముందు" అనేవాడు త్యార్క్.

నలభైమూడు వేసవిలో అతణ్ని సొంత తీరానికే పంపారు. మా విమానాశ్రయం నుంచి వాళ్ల ఊరు కనపడేది. అమెరికా బాంబర్లు గుంపులు గుంపులుగా సముద్రం మీంచి వస్తున్న రోజులవి. శిక్షణ ముగించుకుని నేనక్కడికి చేరగానే త్యార్క్ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీ పేరేంటబ్బాయ్?"

"ఎగాన్, సార్."

"చూడు ఎగాన్, నా తోక వదలకు. నేను తిరిగితే తిరుగు, దిగితే దిగు. నువ్వేమీ కాల్చక్కర్లేదు."

"మరి నేనెందుకు సార్?"

"నాకు వీపున కళ్లు లేవు. ఆ కళ్లు నువ్వు."

బాంబర్లకి మేం ఎదురుగా వెళ్లేవాళ్లం. చుక్కల్లా కనపడినవి క్షణాల్లో ఇళ్లంత అయ్యేవి. త్యార్క్ ఒక్కసారి కాల్చి వాటి కిందినుంచి దూసుకుపోయేవాడు. నేను పళ్లు బిగించి అతని తోకనే చూసేవాణ్ని. కిందికొచ్చాక నా చేతులు వణుకుతుంటే, "వణకనీ, పైన వణకలేదు కదా" అనేవాడు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చేసేది.

ఆ శరదృతువులో అతని ఇంజనుకి దెబ్బ తగిలింది. అద్దం నిండా నూనె కమ్మేసింది. పారాచూట్‌తో దూకాడు. పక్క ఊళ్లో ఎడో అనే ముసలి రైతు బీట్‌రూట్ చేలో పడ్డాడు. అతను నిలబడేదాకా నేను పైనే చక్కర్లు కొట్టాను. కింద జరిగింది తర్వాత ఎడోయే నవ్వుతూ చెప్పాడు.

ఎడో గడ్డి ఎత్తే పలుగులకర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "కదిలావంటే పొడిచేస్తా అమెరికావోడా!"

"తాతా, ఆ కర్ర దించు. నేను మనోణ్నే" అన్నాడు త్యార్క్ అచ్చమైన ఊరి యాసలో.

"ఓరి నీ తెలివి తగలెయ్యా! మన యాస కూడా నేర్పి పంపుతున్నారా?"

"నేను ఫ్రౌకె కొడుకుని తాతా! కట్ట పని చేసే ఓల్ట్‌మన్స్ మా నాన్న."

ఎడో కాసేపు అనుమానంగా చూశాడు. "మీ అమ్మ గొంతు ఎలా ఉంటదో చెప్పు."

"ఇప్పుడు నేను నీ చేను తొక్కానని తెలిస్తే, ఇక్కడిదాకా వినపడుద్ది."

కర్ర దిగింది. ఇంట్లోకి తీసుకెళ్లి, కప్పులో కలకండ పలుకు వేసి టీ పోసి, పైన మీగడ వదిలి ఇచ్చారు. మా వైపు మూడు కప్పులు తాగకుండా లేవనివ్వరు. సైన్యం బండి వచ్చేసరికి త్యార్క్ మూడో కప్పు మీదున్నాడు. పోసింది ఎడో కూతురు గెస్కె. యుద్ధం అయ్యాక త్యార్క్ పెళ్లి చేసుకున్నది ఆమెనే.

నలభైఐదు వచ్చేసరికి పెట్రోలు లేదు, నేర్పే సమయం లేదు. నన్ను ఇంకో జతకి నాయకుణ్ని చేసి, త్యార్క్ వెనక లుడోల్ఫ్ అనే కొత్తవాణ్ని పెట్టారు. మార్చిలో ఒక ఉదయం ఇద్దరూ మైదానం దాకా క్షేమంగా తిరిగొచ్చారు. త్యార్క్ ముందు దిగాడు. లుడోల్ఫ్ చక్రాలు దించి నేలకి దగ్గరవుతుండగా మబ్బుల్లోంచి అమెరికా ఫైటర్లు దిగాయి. అతని విమానం మైదానం అంచునే కాలిపోయింది. త్యార్క్ పరిగెత్తాడు గాని, దగ్గరికి వెళ్లనివ్వలేదు మంట. ఆ రోజు తర్వాత అతని నోట ఆ పాత గొప్ప మళ్లీ నేను వినలేదు.

ఏప్రిల్లో మరో నలుగురు కొత్తవాళ్లు వచ్చారు. వందల బాంబర్లు వస్తున్నాయని కబురందగానే వాళ్లని తీసుకుని పైకెళ్లమన్నాడు మా దళపతి మేజర్. త్యార్క్ కదల్లేదు.

"నేనెళ్తాను, ఎగాన్ వస్తాడు. వాళ్లు రారు."

"ఇది ఆజ్ఞ, ఓల్ట్‌మన్స్."

"వాళ్లకి సరిగ్గా దిగడమే రాదు సార్. చావడానికి పంపడాన్ని నేను ఆజ్ఞ అనను."

"కాదంటే ఏం చేస్తారో తెలుసా నిన్ను?"

"తెలుసు, కాలుస్తారు. కాల్చాక, నా విమానం ఎవరు నడుపుతారో అది కూడా చెప్పండి."

ఆ రోజుల్లో ఇంతకంటే చిన్న మాటలకే మనుషుల్ని గోడకి నిలబెట్టి కాల్చేస్తున్నారు. త్యార్క్ మాత్రం రోడ్డు పక్కన ఆగి దారి చెబుతున్నవాడిలా నిలకడగా ఉన్నాడు. మేజర్ కిటికీ వైపు తిరిగాడు.

"నలుగురికీ ఒకేసారి కడుపునొప్పి. అంతేనా?"

"అంతే సార్. పొద్దున తిన్న చేప పడలేదు."

మేమిద్దరం పైకెళ్లి, మబ్బులు తప్ప ఏమీ దొరక్క తిరిగొచ్చాం. నెల తిరక్కుండా కెనడా సైనికులు వచ్చేశారు. త్యార్క్ తన సొంత ఊరి పొలిమేరలోనే ఖైదీ అయ్యాడు. అతని తల్లి ఫ్రౌకె రోజూ కంచె దగ్గరికి మజ్జిగ తెచ్చి, కావలివాడికి కూడా ఒక గ్లాసు పోసి, ఇద్దరినీ కలిపి తిట్టి వెళ్లేది.

విడుదలయ్యాక త్యార్క్ దీవులకి వెళ్లే పడవ నడిపాడు. ఒకసారి మా ఇంట్లో టీ తాగుతూ హిల్కె అడిగింది: "అన్నయ్యా, ఆ తొమ్మిదీ ఎప్పుడైనా గుర్తొస్తాయా?"

"తొమ్మిది విమానాలు కాదే, అందులో మనుషులు. నాకు ఎగరడం బాగా వచ్చు, దాన్ని తీసుకెళ్లి దుర్మార్గుల పనికి వాడాను. ఆ సంగతి నేనే చెప్పాలి, ఇంకెవరో చెప్తే వినడం కాదు." కప్పు జరిపాడు. "ఇంకొంచెం పొయ్యి. పోటు వచ్చే వేళయింది, పడవ తియ్యాలి."

వెళ్లి తీశాడు. ఆ రోజు గాలి బాగా ఉంది. పడవ నిండా జనం, కోళ్ల గంపలు, ఒక పెళ్లిబృందం. అందరినీ దీవిలో దించి, చీకటి పడకముందే ఇంటికొచ్చాడు.