బండి కిందికి తోసిన టైరు

శ్రావణ మాసం, రెండో శుక్రవారం, పొద్దుగాల పదిన్నర. ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు. యాభై దాటినంక నేర్చుకున్న అక్షరాలతోని ఇది రాస్తున్న.

ఆదిభట్లల నౌకరీ చేసే కిరణ్ తన పాత స్పోర్ట్స్ కారు తెచ్చిండు. గుంతల పడితే చాలు, ముందు పక్క గడగడమంటది. చూస్తే కింద కుదుపులు ఆపే రబ్బరు బుష్‌లు అరిగిపోయినయ్. జాకీ పెట్టి లేపి టైరు ఇప్పిన. జాకీ జారినా బండి మీద పడకుండ, ఇప్పిన టైరును బండి కింద పండబెట్టినంకనే మేము లోపలికి దూరుతం. కిరణ్ అడ్డమొచ్చిండు.

"పెద్దయ్యా, రిమ్ముకు గీతలు పడ్తయ్. ఇసొంటి రిమ్ము ఇప్పుడు దొరకది."

చాయ తెచ్చిన నా భార్య లక్ష్మమ్మ ఇన్నది.

"రిమ్ము దొరకదట! నాకు మల్ల మొగడు దొరుకుతడా బిడ్డా? జర జరుగు."

ఆమెనే టైరును కిందికి తోసింది. అందరం నవ్వినం. నేను దూరిన.

పాత బుష్ బిగుసుకపోయింది. రాడ్డు పెట్టి గట్టిగ గుంజేసరికి జాకీ ఒరిగింది. బండి దబ్బున కూలి టైరు మీద ఆగింది. ఇనుము నా ఛాతీకి ఆనింది, ఊపిరి ఆడుతలేదు. పక్క వెల్డింగ్ షాపు యాదగిరి ఉరికొచ్చి ఇంకో జాకీతోని లేపితే, కిరణ్ నా కాళ్లు పట్టి బయటికి గుంజిండు.

లక్ష్మమ్మ ఏడ్వలే. "చాయ సల్లారుతుంది, తాగు" అన్నది. గ్లాసు పట్టుకొని ఆమెనే తాపింది.

నా పానం ఆమె నిలబెట్టింది. ఈ మాట ఎదురుంగ చెప్పనీకి నాకు నోరు రాలే, అందుకే రాస్తున్న. ఆ దినం అక్కడ ఉన్నది కిరణ్, యాదగిరి, నేను, మా లక్ష్మమ్మ.