జమాబందీలో పొద్దుండగానే ఇల్లు చేరిన గుమాస్తా

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం నేను కడప జిల్లాలోని ఒక తాలూకా ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఏ తాలూకా అని అడక్కండి. ఆ ఆఫీసులో నాతో పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా గట్టిగానే ఉన్నారు. కాపురం ప్రొద్దుటూరులో. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చేవాణ్ణి. గుమాస్తా తాలూకా కేంద్రంలోనే నివాసం ఉండాలని రూలుంది. దాన్ని అందరం గౌరవించేవాళ్ళం, పాటించేవాళ్ళం కాదు.

తాత్కాలికం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. సర్వీసు కమిషన్ పరీక్ష పాసై వచ్చినవాడు పక్కా గుమాస్తా. అతను వచ్చేదాకా కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టే మనిషి తాత్కాలిక గుమాస్తా. కమిషన్ మనిషి వచ్చిన రోజున ఇతను లేచి ఇంటికి పోవాలి. దీన్ని మేము ‘ఔస్టు కావడం’ అనేవాళ్ళం. తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకునేవాడికి సంజాయిషీ చెప్పుకునే అవకాశమన్నా ఉంటుంది. ఏ తప్పూ చేయనివాడికి అదీ లేదు.

నా కుర్చీకి హక్కుదారుడు ఒక సోమవారం దిగాడు. గుంటూరు జిల్లావాడు, మర్యాదస్థుడు. ఆ సీటు కాగితాలన్నీ రాయాల్సినవాణ్ణి నేనే కాబట్టి నన్ను తీసేసే ఆర్డరు కూడా నేనే రాసి, తహసీల్దారుగారి సంతకం చేయించుకుని, నాకు నేనే అందజేసుకున్నాను.

ఇంట్లో చెప్పలేదు. దానికి కారణం మా నాయన. ఆయన పులివెందుల తాలూకాలో, వేముల పక్కన ఒక పల్లెకు ముప్పై ఏళ్ళుగా కరణం. కరణీకం వంశపారంపర్యం కనుక ఆయన తర్వాత నాకు రావాలి. నేను ఆఫీసు కుర్చీలో కుదురుకున్నానని నమ్మి, దాన్ని మా చిన్నాన్న కొడుకు రాఘవకు వదిలేద్దామనుకున్నారు. లెక్కలు అతని చేతికిచ్చి, సెలవు పెట్టి మా ఇంటికొచ్చి ఉన్నారు. వదులుకునే కాగితం మాత్రం ఆర్‌డీవోగారికి ఇంకా పంపలేదు. నేను నిజం చెబితే కరణీకం మిగులుతుంది, పరువు పోతుంది. చెప్పకపోతే పరువు మిగులుతుంది, రేపటి తిండి పోతుంది. ఇరవై నాలుగేళ్ళవాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు.

నా భార్య కామాక్షి రోజూ మామూలుగానే క్యారియర్ కట్టేది. నేను మామూలు బస్సే ఎక్కి, మామూలు ఆఫీసుకే వెళ్ళి, వసారాలో కూర్చుని రైతులకు అర్జీలు రాసేవాణ్ణి. వాళ్ళిచ్చే డబ్బులే ఒకటో తారీఖున జీతమని ఇంట్లో ఇచ్చాను. ఆ అర్జీ లోపలికి వెళ్ళాక దాని మీద ఏం రాయాలో తెలియక గుంటూరాయన బయటికొచ్చేవాడు. “సీతాపతిగారూ, దీనికి నోటు ఎలా పెట్టాలండీ?” అని అడిగేవాడు. మొదట్లో చెప్పేవాణ్ణి. వారం తిరిగేసరికి చెప్పడం కన్నా రాసివ్వడమే తేలికైంది. అంటే అర్జీ నాదే, దాని మీద సర్కారువారి అభిప్రాయమూ నాదే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నా ప్రతి నోటునూ ఎర్రసిరాతో కొట్టేసిన హెడ్ గుమాస్తా ఒకరోజు నా దగ్గరికొచ్చి, “ఈ గుంటూరాయన శానా బాగా రాస్తాండాడప్పా, నువ్వూ నేర్చుకోల్ల” అన్నాడు. నేర్చుకుంటానన్నాను.

ఇంతలో జమాబందీ వచ్చింది. ఏడాదికొకసారి ఆర్‌డీవోగారు తాలూకాలో మకాం వేసి, ప్రతి గ్రామం లెక్కలూ తనిఖీ చేసి ఖాయం చేసే తతంగం అది. కరణాలందరూ లెక్కల మూటలతో దిగుతారు. గుమాస్తాలకు ఇంటి ముఖం చూసే తీరిక ఉండదు. బట్టలు మార్చుకోవడానికి పోయినవాణ్ణి కూడా జవాను వెళ్ళి పిలుచుకొస్తాడు. అయితే ఆర్‌డీవోగారి కంట్లో బయటి మనిషి పడకూడదని హెడ్ గుమాస్తా నన్ను నాలుగింటికే పంపించేసేవాడు. తాలూకా అంతా ఊపిరి సలపని ఆ రోజుల్లో నేనొక్కణ్ణి ఐదింటికి ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, నలగని చొక్కాతో కాఫీ తాగాను. పెందరాళే వస్తున్నానని కామాక్షి సంతోషించింది. నాయన అరుగు మీంచి ఒకసారి పొద్దు వంక చూశారు.

ఐదో రోజు సాయంత్రం ఆయన నన్ను అరుగు మీదికి పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. కరణీకం రాఘవకు ఇవ్వడానికి వారసుడినైన నాకు అభ్యంతరం లేదని ఆర్‌డీవోగారికి నేనిచ్చే ఒప్పుదల అది. ఆయన దస్తూరీయే.

“సంతకం పెట్టు. కింద నీ ఉద్యోగమేందో, యాడ చేస్తాండావో రాయి” అన్నారు.

సంతకం పెట్టాను. అక్కడ కలం ఆగిపోయింది. ఐదు వారాలుగా ఇంట్లో ఎన్ని కోతలు కోసినా నాకు నోరు తడబడలేదు. తహసీల్దారు మెచ్చుకున్నాడన్నాను, ప్రమోషను గురించి అనుకుంటున్నారన్నాను. కొత్తాయనకు పని నేర్పలేక చస్తున్నానని కూడా అన్నాను, అదొక్కటే నిజం. కానీ ఇది సర్కారుకు పోయే కాగితం. లేని హోదా రాస్తే తప్పుడు వాంగ్మూలం అవుతుంది. కన్నతండ్రిని మోసం చేసినన్నాళ్ళూ నిద్రపోయిన మనస్సాక్షి, ఆర్‌డీవోగారి పేరు చూడగానే లేచి కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

“ఏందిరా, రాయి” అన్నారు నాయన.

“ఉద్యోగం లేదు నాయనా. ఔస్టయినాను” అన్నాను.

“తెలుసు. జమాబందీ జరుగుతాంటే పొద్దుండంగనే ఇల్లు చేరే గుమాస్తాను నా ముప్పై ఏండ్లలో చూడలేదు. ఈ పొద్దన్నా ఆలస్యంగా వస్తాడేమో, ఆ మాత్రం తెలివన్నా ఉంటుందేమో అని నాలుగు దినాలు చూసినా. దొంగ ఉద్యోగం చేసేవానికన్నా పని తెలిసుండల్ల గదరా!”

తలుపు దగ్గర నిలబడిన కామాక్షి ఏడుస్తుందనుకున్నాను. “ముందే చెప్పింటే ఈడనే వేడన్నం తింటాంటిరి గదా” అని లోపలికి పోయింది. ఆమె కోపం అంతటితో పోలేదు. నెల రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

నాయన ఆ కాగితాన్ని చించలేదు. కరణం ఏ కాగితాన్నీ చించడు. మడిచి పెట్టెలో పెట్టుకున్నారు. ఉద్యోగం రాసేసి ఉంటే ఏం చేసేవారని తర్వాత ఒకసారి అడిగాను. “మరుసటి దినమే పంపిస్తాంటి. సర్కారు కాగితం మీద అబద్ధం రాసేవానికి కరణీకం ఎట్లిస్తారు?” అన్నారు.

పల్లెకు పోయి ఎనిమిది నెలలు ఆయన చేతికింద లెక్కలు రాశాను. ఆ తర్వాత కమిషన్ పరీక్ష పాసై జమ్మలమడుగులో చేరాను. కరణీకం అప్పుడు రాఘవకు పోయింది.

ఈ వ్యవహారం నాకు నేర్పిందేమిటంటే, ఇంట్లోవాళ్ళు మన మాటలు వినరు, మన రాకపోకలు చూస్తారు. తహసీల్దారునయ్యాక ఏ ఆఫీసు తనిఖీకి వెళ్ళినా రిజిస్టర్లు తెరవకముందే, ఎవరు ఎన్నింటికి ఇల్లు చేరుతున్నారో కనుక్కునేవాణ్ణి. ఆ పద్ధతి ఏ మాన్యువల్లోనూ లేదు. ఇక నా సర్వీసులో రెండుసార్లు మెమో, ఒకసారి సస్పెన్షను వచ్చాయి. మూడూ వచ్చిన రోజే ఇంట్లో చెప్పాను.