తేనెపిట్టలకు జాతర బెల్లం

కోరుట్లలో మా ఇంటి వెనక జామచెట్టుకు కూల్‌డ్రింక్ సీసా ఒకటి తలకిందులుగా వేలాడదీసి, మూతకు సన్నటి బెజ్జం పెట్టి, చక్కెర నీళ్లు నింపేవాణ్ణి. రెండు తేనెపిట్టలు రోజూ వచ్చేవి. మగది నల్లగా నిగనిగలాడేది, ఆడది పసుపుపచ్చ పొట్టది. ఓ రోజు సీసా నింపడం మరిస్తే మగది వచ్చి నా చెవి పట్టి లేపిందని జగిత్యాల దాకా చెప్పుకున్నాను. విన్నవాళ్లంతా నవ్వారు, మా ఆవిడ తప్ప.

"నీ నోట్లకెల్లి ఒక్క నిజమన్న రాలుతదా?" అనేది బీడీలు చుడుతూ.

పొద్దంతా చేట ఒళ్లో పెట్టుకుని ఆ చెట్టు కిందే కూర్చునేది. పిట్ట వచ్చినప్పుడే తల ఎత్తేది. వాటితో మాట్లాడినంత నాతో ఎన్నడూ మాట్లాడలేదు. సీసా కడగడం, నీళ్లు మార్చడం నా పని.

పోయిన ఎండాకాలం ఆమె సిరిసిల్లకు, చెల్లెలి ఇంటికి వెళ్లింది. చక్కెర అయిపోయింది. దుకాణం దాకా పోవడానికి బద్ధకం. సమ్మక్క జాతర నుంచి తెచ్చిన బెల్లం దేవుని గూట్లో ఉంది. మనిషి బరువుకు తూచి మొక్కు చెల్లించే ఆ బెల్లాన్ని మేం బంగారమనే అంటాం. తల్లులు మెచ్చింది పిట్టలకు పడదా అనుకుని చిక్కగా కరిగించి పోశాను. మూడో రోజుకే నురగ కట్టి కల్లు వాసన కొట్టింది. రేపు కడుగుదాంలే అనుకున్నాను.

తెల్లారేసరికి రెండూ చెట్టు కింద పడి ఉన్నాయి. గోడవారన పూడ్చేశాను.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన మా ఆవిడ సంచి కూడా దించలేదు.

"పిట్టలేవి?"

"బీర్పూర్ దిక్కు పోయినయి, గోదావరి ఒడ్డుకు. వానలు పడ్డంక మల్ల వస్తయి."

తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే నిజం కక్కేసేవాణ్ణేమో.

"మంచిగైంది తీ," అంది. "గీ ఎండలకు సచ్చిపోతయని భయపడ్డ."

వానలు వచ్చాయి, పోయాయి. సీసా ఇప్పుడు ఆమే కడిగి నింపుతుంది. మొన్న నేను అన్నం తింటుంటే పక్కింటామె గోడ మీదుగా అడిగింది.

"వదినె, పిట్టలే లేవు, గా చక్కెర నీళ్లు ఎవలికి?"

"బీర్పూర్ పోయినయి. పిల్లల్ని చేసుకొని వస్తయి. మా ఆయన చెప్పిండు."

పక్కింటామె నవ్వింది. "గాయిన చెప్పిండా?"

"గీ ఒక్కటి నిజమే," అంది మా ఆవిడ.

నేను కంచంలోనే చెయ్యి కడిగి లేచాను.