నాన్న నిద్రకు సరిపడా సౌండు

మా ఉస్తాద్ పోయారు. ఆ కబురు నాకు చేరిన పద్ధతి ఆయనకు బొత్తిగా నచ్చేది కాదు. మొన్న పొద్దున ఆబిడ్స్‌లో రోడ్డు దాటబోతుంటే, అవతలి వైపు నుంచి చాయ్ బండి అన్న రెండు బస్సుల హారన్లనూ బట్టల దుకాణం స్పీకరునూ మించి అరిచాడు. "ఓ పిల్లా! మీ ఉస్తాద్ పోయిండు! పొద్దుగాల గుండె ఆగిందట, దవాఖానకు తీస్కపోయేలోపట్నే!" బతికినంత కాలం సౌండు తగ్గించమని చెప్పిన మనిషి చావు కబురు అంత సౌండుతో రావడం అన్యాయం. దగ్గరికొచ్చి చెప్పొచ్చు కదా అని చాయ్ అన్న మీద కోపం వచ్చింది. ఆ కోపం పుణ్యమా అని కాసేపు ఏడ్చే పని తప్పింది.

అప్పటి నుంచి కాలు నిలవడం లేదు. పనేమీ లేకపోయినా గన్‌ఫౌండ్రీ దాకా నడిచాను. నాంపల్లి వచ్చాను, స్టేషన్ ముందు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుని ఇప్పటికి ఐదుసార్లు లేచాను. ఆరోసారి లేచేలోపు ఆయన గురించి చెప్పేయాలి.

ఉస్తాద్ అంటే సంగీతం ఉస్తాద్ కాదు. ఆయనకు సరిగమలు కూడా వరసగా రావు. ఆబిడ్స్ సందులో, ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఆగాల్సినంత దుకాణంలో రేడియోలు, టేప్ రికార్డర్లు, భజనల మైకు సెట్లు, ఈ మధ్య నాలాంటివాళ్ల గిటారు సౌండు పెంచే ఆంప్‌లు బాగుచేసేవారు.

నాకు ఆయన అవసరం పడటానికి కారణం మా నాన్న. నాన్నది రైల్వేలో రాత్రి డ్యూటీ. నాంపల్లిలో మేం కిరాయికుంటున్న రెండు గదుల మధ్య తలుపు లేదు, పరదా ఉంది. పరదాకు అటు నాన్న పగటి నిద్ర. ఇటు డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం వెతుకుతున్న నేను, అంటే ఇంట్లో ఉంటున్న నేను, నా గిటారు, దాని ఆంప్. ఈ రెండు రాజ్యాల మధ్య నాన్న ఒకే ఒక్క చట్టం చేశారు. "నీ సౌండుకు ఒక్కసారి నిద్రలేసిననుకో, గా డబ్బా ఈ ఇంట్ల ఉండది. అమ్మేస్త." నాన్న ఉత్తుత్తి బెదిరింపుల మనిషి కాదు. నా సైకిల్ అలాగే పోయింది.

చప్పుడు తగ్గించడానికి నేను మొట్టమొదట చేసిన ఘనకార్యం, ఆంప్ మీద బొంత కప్పడం. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన, ఇంట్లోకెల్లా మందమైన బొంత. చప్పుడు తగ్గింది. అరగంటకు కాలిన వాసన వచ్చింది, ఆ తర్వాత చప్పుడు పూర్తిగా తగ్గింది. వాసనకు నాన్న లేవలేదు. దేవుడున్నాడనడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం అది.

దాన్ని మోసుకుని ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన వెనక మూత విప్పి, లోపలి నుంచి మాడిన దారప్పోగు ఒకటి పట్టకారుతో పైకి తీసి చూపించారు.

"గిదేంది బిడ్డా?"

"బొంతది ఉస్తాద్. కప్పిన."

"ఎందుకు, చలిజ్వరం వచ్చిందా దీనికి?"

పక్క దుకాణం వాళ్లు కూడా నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా, "ఇంట్ల ఎవరెవరున్నరు?" అని అడిగారు. ఏ సెట్టు వచ్చినా ఆయన మొదటి ప్రశ్న అదే. సెట్టుకు అంటించే కాగితం మీద మనిషి పేరు రాసేవారు కాదు, ఇంటి సంగతి రాసేవారు. 'చంటిపిల్ల ఉంది.' 'ముసలమ్మకు చెవుడు.' నా ఆంప్ మీద 'నాయినకు పగటినిద్ర' అని రాశారు. ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందని అడిగాను. "పేర్లు యాదికుండయ్ బిడ్డా. ఇండ్లు యాదికుంటయ్" అన్నారు.

ఆంప్ బాగైంది గానీ సౌండు దుకాణంలో సెట్ చేయనన్నారు. "గీడ సెట్ చేస్తే గీడనే పనిజేస్తది. మీ ఇంటికొస్త." ఒక మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వచ్చారు కూడా. చెప్పులు గడప బయట కాదు, మెట్ల కిందే విప్పారు. పరదా వెనక నాన్న గురక విని మెచ్చుకోలుగా తలూపారు.

వాయించమని నేల మీద అరచెయ్యి ఆనించారు. "నీ సౌండు చెవికి పోతలేదు, నేలకు పోతున్నది. నేల మీద పండుకున్నది మీ నాయిన." ఆంప్‌ను ప్లాస్టిక్ కుర్చీ మీదికి ఎక్కించి, కింద పాత పరుపు ముక్క పెట్టి, దాని మొహం నా చెవి వైపు తిప్పారు. ఉరుములు రావాలని నేను చివరిదాకా తిప్పి ఉంచిన, సౌండును గరగరలాడించే గెయిన్‌ను సగానికి దించారు. అడుగు సౌండు బేస్, పై సౌండు ట్రెబుల్ కొంచెం కొంచెం పెంచారు. "సౌండు తగ్గిస్తే ముందు అడుగుది వినపడకుంట పోతది, వెనకనే పైది పోతది. అందుకే రెండూ జర ఎక్కువుండాలె. పదిమందికి వండేటప్పటి ఉప్పు కాదు గిది, ఒక్కరికి."

తర్వాత ఆయన చేసిన పని ఏ పుస్తకంలోనూ ఉండదు. పరదా దాటి వెళ్లి నాన్న తలగడ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చెయ్యి ఒక్కటి పరదా ఇవతలికి చాపారు. ఆ చెయ్యి లేస్తే పెంచాలి, దిగితే తగ్గించాలి. "గురక వినుకుంట వాయించు. గురక ఆగిందంటే నువ్వు ఎక్కువైనవ్."

గురక ఆగింది. నా ప్రాణం కూడా.

"ఎవర్రా నువ్వు?" నాన్న గొంతు.

"సౌండు మనిషిని. పండుకో అన్నా, ఇంక సగం పని ఉన్నది."

ఏమనుకున్నారో, నాన్న అటు తిరిగి మళ్లీ పడుకున్నారు. లేచింది మనిషిని చూసి గానీ సౌండుకు కాదు కాబట్టి చట్టం వర్తించదని సాయంత్రం నేను వాదించాను. గెలిచాను.

ఆ తర్వాత ఏటా రెండుసార్లు పిలవకుండానే వచ్చేవారు. కూలర్ పెట్టినప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి. కూలర్ చప్పుడు పోతే ఇల్లు మారినట్టే, మళ్లీ మొదటి నుంచి చూడాలనేవారు. మూడేళ్లు నాన్న నిద్ర చెడలేదు, నా గిటారు ఆగలేదు. మేం కూలర్ తీసి పది రోజులైంది. ఈసారి ఇంకా రాలేదేమిటని అడగడానికే మొన్న ఆబిడ్స్ వెళ్లింది.

ఆ పొద్దున తిరిగి తిరిగి ఇంటికొచ్చేసరికి నాన్న డ్యూటీ దిగి అన్నం తింటున్నారు. చెప్పాను.

"గా సౌండాయనా?" అని కంచం పక్కకు జరిపారు. చెయ్యి కడుక్కుని పోయి పడుకున్నారు. నేను ఆంప్ కుర్చీ ముందు కూర్చున్నాను, లేచాను, కూర్చున్నాను. పరదా వెనక గురక మొదలవలేదు.

"బిడ్డా, నిద్రొస్తలేదు. ఎట్లన్న మేలుకనే ఉన్న. ఇయ్యాల జర పెద్దగ వాయించు, నీ ఇష్టమున్నంత."

మూడేళ్లుగా నేను కోరుకున్న మాట. మిగతావి ఉస్తాద్ పెట్టినట్టే ఉంచి, వాల్యూమ్ సగం దాటించి తీగలు మీటాను. బేస్ దబదబమని గది నిండా కొట్టుకుంది, ట్రెబుల్ రేకు కోసినట్టు కోసింది, వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలలాడాయి. నాన్న పరదా తోసుకుని వచ్చారు.

"గిదేంది, ఇంత గలీజుగున్నది? రోజు గిట్లనే వాయిస్తవా?"

"లే నాయినా. రోజు మంచిగుంటది. నువ్వే ఎన్నడు వినలే."

నేను వాల్యూమ్‌ను ఉస్తాద్ పెట్టిన చోటికి దించి మళ్లీ మొదలుపెట్టాను. నిలబడిన చోటికి సరిగా వినపడనట్టుంది, ఒక అడుగు వేశారు. తర్వాత లోపలికి పోయి చాప, దిండు తెచ్చుకుని కుర్చీ పక్కనే పరుచుకున్నారు.

"నేను పండుకున్నా ఆపకు" అన్నారు.

స్పీకరుకు మూరెడు దూరంలో తల పెట్టి, కళ్లు తెరుచుకునే పడుకున్నారు. ఒక పాట అయ్యాక నేను వేళ్లు విదిలించుకుంటుంటే, తల ఇంకొంచెం దగ్గరికి జరిపారు.