నూనె వేయని స్క్రూ

నా చిన్నప్పుడు, రెండువేల దశకం మొదట్లో, మేము ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ఉండేవాళ్లం. మోకాళ్ల నొప్పులతో బాధపడే మా నానమ్మ ఎవరి సాయమూ లేకుండా లేవగలిగేది ఒక్క పాత ఇనుప కుర్చీలోంచే. దాని చేతుల మీద బలంగా ఆనుకుని లేచేది. ప్లాస్టిక్ కుర్చీవైతే వంగిపోయేవి. ఒక శనివారం ఆ కుర్చీ కుడిచెయ్యి కదులుతోందని నేను స్క్రూడ్రైవర్ పట్టాను. తుప్పుపట్టిన స్క్రూ తల తెగిపోయింది. రెండోది బిగిస్తే సరిపోతుందనుకుని దాన్నీ విరిచాను.

నాన్న చూసి, "రేపు పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేద్దాం," అన్నారు.

"మరి నన్నెవరు లేపుతార్రా? నువ్వు ఆఫీసు మానేస్తావా?" అంది నానమ్మ.

కింది అంతస్తు అంకుల్‌ని పిలిచాం. శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ ఒక కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసేవారు. ఆయన కలిపిన నూనెలో ఒక్క రాత్రి నానితే ఎంతటి మొండి స్క్రూ అయినా ఊడివస్తుందని కాలనీ అంతా చెప్పుకునేవారు. ఆయనా ఆ మాటే అనగానే, "ఆప్‌కో కైసే పతా?" అనేశాను. మీకెలా తెలుసని పెద్దవాళ్లను నిలదీయడం మా ఇంట్లో తప్పు. నాన్న ముఖం మాడిపోయింది.

అంకుల్ మాత్రం నవ్వేశారు. "అచ్ఛా! అడిగావు కదమ్మడూ, ఒకదానికే వేద్దాం. రెండోది పొడిగానే ఉండనీ."

మర్నాడు పొద్దున్నే వచ్చి, బయటికి మిగిలిన రెండు మొండేల మీదా రంపం బ్లేడుతో చిన్న గాడి కోసి, స్క్రూడ్రైవర్ పెట్టారు. పొడిగా ఉన్నది వెంటనే తిరిగింది. నూనె వేసినది కదలనే లేదు. వీధిలో కబాడీవాడి కేక వినిపించింది. నాన్న బాల్కనీ వైపు చూశారు. అంకుల్ తలెత్తకుండా మొండెం చుట్టూ సుత్తితో మెల్లగా తట్టి, తిప్పి, మళ్లీ తట్టి, చివరికి దాన్నీ బయటికి తీశారు. కొత్త స్క్రూలు బిగించాక నానమ్మ కూర్చుని, చేతులు ఆనించి, లేచి నిలబడింది.

"మరి మీ నూనె సంగతేమిటండీ?" అన్నారు నాన్న నవ్వుతూ.

"తెల్దు సార్. ఇన్నేళ్లూ పొడిగా తీసి చూళ్లేదు కదా."

రెండు స్క్రూలతో ఏదీ తేలదని ప్రయోగశాలలో పనిచేసే నాకిప్పుడు తెలుసు. నూనె వేసినదానికే తుప్పు ఎక్కువ పట్టి ఉండవచ్చు. ఆ నూనె నిజంగా మంచిదే కావచ్చు. కానీ పదేళ్ల పిల్ల ఎదుట ఆయన "తెల్దు" అన్నప్పుడు గొంతులో నామోషీ ఏమీ లేదు. నా దగ్గర పనిచేసే పిల్లల ముందు ఆ మాట అనవలసి వచ్చినప్పుడల్లా ఆయనలాగే అనాలనుకుంటాను. అంటాను కూడా, కాకపోతే ముందు కొంచెం దగ్గుతాను.