అధ్యాయం, వచనం లేని కార్డు

ఇరవై ఏళ్లకు పైగా ఒక బరువు మోస్తున్నాను. అరచేతిలో పట్టేంత కార్డు, దాని మీద మూడు వాక్యాలు. తూకం వేస్తే ఆవగింజంత కూడా ఉండదు. నా పేరు చెప్పను. జనగామ వైపు ఆడబిడ్డను, మహబూబాబాద్ వైపు కోడలిని అని మాత్రం చెబుతాను. అంతకంటే అడగకండి, మా సంఘాల్లో అందరికీ అందరూ తెలుసు. మిగతావాళ్ల పేర్లు కూడా మార్చాను. ముందు నవ్వొచ్చే భాగం చెబుతాను. నవ్వు రానిది ఒకటుంది. దాన్ని చివరికి ఉంచుకున్నాను, ధైర్యం చాలక.

మా వైపు క్రైస్తవ సంఘాలన్నీ కలిసి ప్రతి మే నెలలో యువతకు క్యాంపు పెడతాయి. గార్ల దగ్గర, సెలవులకు మూసిన ఒక బడిలో, ఐదు రోజులు. తెల్లవారకముందే గంట, స్నానానికి చేతిపంపు దగ్గర కొట్లాట, పాటలు, వాక్యం, మళ్లీ పాటలు, పప్పుచారు, ఎండలో ఆటలు, సాయంత్రం సాక్ష్యాలు. సాక్ష్యం అంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో ఒకరు లేచి నలుగురికీ చెప్పడం. ఇక చివరి రోజు వాగ్దాన కార్డులు తీస్తారు. పళ్లెం నిండా కార్డులుంటాయి, ఒక్కో దాని మీద బైబిల్లోని ఒక వాక్యం. కళ్లు మూసుకొని ఒకటి తీసుకోవాలి. వచ్చింది దేవుడు నీకోసమే పంపిన మాట. దాన్ని ఇంటికి తీసుకెళ్లి అద్దానికి అతికించుకొని ఏడాదంతా పట్టుకొని బతుకుతారు. నవ్వకండి. నేనూ నమ్ముతాను. నమ్మే మనిషిని గనకే ఆ పని చేశాను, నమ్మనివాళ్లకు అసలు ఆ ఆలోచనే రాదు.

నా దస్తూరి బాగుంటుంది. లింగాల ఘనపూర్‌లో ఒక చిన్న బడిలో టీచర్‌గా ఉండేదాన్ని. అందుకని కార్డులు రాసే పని నాకే అప్పగించారు. చార్టులు కత్తిరించి, నూటఇరవై కార్డులు, ప్రతి దాని కింద అధ్యాయం, వచనం సంఖ్యలతో సహా రాశాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మనసులో ఒక మనిషి ఉన్నాడు. దయాకర్. గార్లలో విత్తనాల దుకాణంలో పనిచేసేవాడు. క్యాంపులో డోలక్ వాయించేవాడు. ఎంత ఎండలోనైనా ఫుల్ చేతుల అంగీ వేసుకొని గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. అది చూసే పడిపోయానంటే మీరు నా తెలివిని అంచనా వేసుకోవచ్చు.

నాకొక స్నేహితురాలు సునీత. పాలకుర్తి పిల్ల, నాకంటే బాగా పాడేది, నాకంటే బాగుండేది. క్యాంపు నాలుగో రోజు పళ్లేలు కడుగుతూ, క్యాంపు అయిపోయినంక దయాకర్ అన్నతోని ఒక ముచ్చట మాట్లాడాల్నే, అంది. అన్న అన్నది కదా, నీకెందుకు భయం అంటారు మీరు. మా సంఘాల్లో పెండ్లి కార్డు అచ్చయ్యే దాకా అందరూ అన్నలే, అందరూ సిస్టర్లే. నాకు ఒళ్లంతా మండింది. ఆమె నోరు ఎలా ఆపాలి? నేను చెబితే వినదు. దేవుడు చెబితే వింటుంది.

ఆ మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే బైబిలంతా వెతికాను. నోరు మూసుకొని కూర్చోమని నాకు కావలసినట్టు చెప్పే వచనం ఒక్కటీ దొరకలేదు. నేనే రాశాను. తొందరపడకుము. నీ మనస్సులోని మాటను పెదవులమీదికి రానియ్యకుము. నేను సెలవిచ్చువరకు కనిపెట్టుకొని యుండుము. రాశాక చదువుకుంటే నాకే భయం వేసింది, అచ్చం వాక్యంలాగే ఉంది. కింద సంఖ్యలు మాత్రం వేయలేకపోయాను. దొంగ వాక్యం రాయడానికి లేని భయం దొంగ సంఖ్య వేయడానికి ఎందుకొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

చివరి రోజు పళ్లెం పట్టుకున్నది నేనే. ముందు ఆడపిల్లల వరస, తర్వాత మగపిల్లలది. సునీత ఆడపిల్లల వరసలో చివర ఉంది. ఆమె ముందు పిల్ల తీసుకోగానే, బొటనవేలి కింద దాచుకున్న ఆ కార్డును పైకి జరిపి, సరిగ్గా సునీత చెయ్యి పడే చోట పెట్టాను. సునీత భక్తి గల పిల్ల. పైపైన తీస్తే దేవుడికి తక్కువ చేసినట్టనుకుందో ఏమో, కళ్లు గట్టిగా మూసుకొని చెయ్యి పళ్లెం అడుగు దాకా దూర్చి, కలిపి కలిపి, అట్టడుగు నుంచి ఒకటి లాగింది. నా కార్డు పైనే ఉంది. దాన్ని మళ్లీ దాచుదామంటే రెండు చేతుల్లో పళ్లెం, పక్కనే పాస్టర్ గారు. మగపిల్లల వరసలో మొదటివాడు దయాకర్. వచ్చాడు, కళ్లు మూసుకున్నాడు, పైనున్నది తీసుకున్నాడు.

పోనీలే అనుకున్నాను. సునీత ఆగకపోయినా ఈయన నోరు తెరవకపోతే చాలు కదా. ఇంకా నయం, నా పని సగమైనా అయింది అని సంతోషపడ్డాను కూడా. సునీత మాట్లాడాలనుకున్న ముచ్చట ఏమిటో తర్వాత తెలిసింది. వాళ్ల తమ్ముణ్ని ఆ విత్తనాల దుకాణంలో పనికి పెట్టించమని అడగడం. అడిగింది, పెట్టించాడు. ఏడాది తిరగకుండా ఆమెకు భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేసే అబ్బాయితో పెండ్లయింది.

దయాకర్ మాత్రం నోరు తెరవలేదు. ఒక ఏడాది, రెండేళ్లు, ఐదేళ్లు. ప్రతి క్యాంపులో వందనాలు సిస్టర్ అని డోలక్ దగ్గరికి వెళ్లిపోయేవాడు. నాకు సంబంధాలు వచ్చేవి, వద్దనేదాన్ని. మా బాపు విసిగిపోయి, దీనికి పెండ్లి మీద మనసు లేదు, ఏదన్న హాస్టల్‌ల వార్డెన్ పనికి పంపుదాం అనేదాకా వచ్చాడు.

ఆరో ఏడు క్యాంపులో వంటశాలలో దయాకర్ వాళ్ల అక్కతో కలిసి ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఆమె మామూలుగా, కూర సంగతి చెప్పినట్టు చెప్పింది. మా తమ్ముడు నీ కోసమే ఆగిండు, ఏదో కార్డు వచ్చిందట, దేవుడు చెప్పేదాక నిన్ను అడగడట, అని. కళ్లలో నీళ్లు. ఉల్లిగడ్డలు ఉండబట్టి సరిపోయింది.

ఇప్పుడు మీరేం చేసేవారు? వెళ్లి నిజం చెప్పేవారు కదా. నేను ఇంకో కార్డు రాశాను. సెలవిచ్చితిని, ఇక మాటలాడుము. ఒకటి రాస్తే మళ్లీ గురి తప్పుతుందని అలాంటివే ఐదు రాసి పళ్లెంలో పైన పరిచాను. ఒకటి ఆయనకు దక్కింది. మిగతా నాలుగు మరో నలుగురు అబ్బాయిలకు పోయాయి. ఆ వారంలో నలుగురూ తమ మనసులో ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడారు. రెండు పెండ్లిళ్లయ్యాయి, ఒకడు తన్నులు తిన్నాడు, ఒకడు ఇప్పటికీ ఆ ఊరి మీదుగా బస్సెక్కడు. మా పాస్టర్ గారు అది పరిశుద్ధాత్మ పని అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

కార్డులు తీసిన సాయంత్రమే దయాకర్ చేతిపంపు దగ్గరికి వచ్చాడు. నేను బకెట్ నింపుతున్నాను.

"సిస్టర్, ఒక మాట."

"చెప్పు."

"ఆరేండ్ల కిందనే చెప్పాలె. మీ బాపుతోని మాట్లాడుదామని అంగి గూడ ఇస్త్రీ చేసి పెట్టుకున్న. గప్పుడే కార్డు వచ్చింది, నోరు తెరవకుమని. ఆగిన."

"ఆరేండ్లు ఆగుతరా ఎవరన్న?"

"ఎన్నేండ్లన్నది దేవుడు చెప్పలే. నేనడగలే."

"నడుమ నాకు పెండ్లైపోతే ఏం జేస్తుంటివి?"

"గదే భయముండె. నీకు సంబంధం వచ్చిందని తెల్సినప్పుడల్లా ఉపవాసమున్న. పదకొండు సార్లు. అన్ని తప్పిపోయినయి."

ఆ పదకొండింటినీ వద్దన్నది నేనే. ఆయన మాత్రం తిండి మాని దేవుడి చేత చెడగొట్టించానని అనుకుంటున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ముందుగాల నన్ను సిస్టర్ అనుడు బంద్ జెయ్యి," అన్నాను.

అట్లా పెండ్లయింది. అక్కడితో అయిపోతే మీకు ఇదంతా రాసేదాన్ని కాదు. పెండ్లయినప్పటి నుంచి ప్రతి మే నెలలో మా ఆయన క్యాంపులో సాక్ష్యం చెబుతాడు. మామూలుగా నాలుగు మాటలు కలిపి చెప్పడం రాని మనిషి. ఈ ఒక్కటి చెప్పేటప్పుడు ఆ ముఖం చూడాలి. ఆ మొదటి కార్డును లామినేషన్ చేయించాడు. పైకెత్తి చూపిస్తాడు. అందరి కార్డుల మీద అధ్యాయం, వచనం ఉన్నయి, నా దాని మీద లెవ్వు, అంటే ఇది అందరికీ చెప్పిన మాట కాదు, ఒక్క నాకే చెప్పిన మాట, అంటాడు. పిల్లలంతా స్తోత్రం అంటారు. మా అవ్వ నా పెండ్లి సూడకనే పోయింది, అయినా నేను దేవుని మాట దాటలే, అంటాడు. అవ్వ అంటే వాళ్లమ్మ. అక్కడ కార్డు దించి కళ్లు తుడుచుకుంటాడు. నేను ముందు వరసలో తల దించుకొని కూర్చుంటాను. ఎంత వినయమమ్మా అని పాస్టరమ్మ ఇరవై సార్లైనా అని ఉంటుంది.

ఈ ఏడు ఆ సాక్ష్యం విన్నవాళ్లలో కీర్తన అనే పిల్ల ఉంది. లింగాల ఘనపూర్ పిల్ల, నాన్న ఆటో నడుపుతాడు. భూపాలపల్లిలో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారంలోగా చేరాలి. శనివారం కార్డు తీసింది. ఇప్పుడు కార్డులు హైదరాబాద్‌లో అచ్చు వేయిస్తున్నారు, నా చెయ్యి లేదు. ఆమెకు వచ్చినది నెమ్మదిగా ఉండి దేవుడి మీద ఆనుకోమనే వాక్యం, నిజమైనదే. నేను పోను, అంకుల్ లెక్క ఆగుత, దేవుడు పొమ్మన్ననాడు పోత, అని తేల్చి చెప్పింది. వాళ్ల నాన్న ఫోన్ చేసి బతిమాలుతున్నాడు. మా ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు.

ఎవరి బతుకు ఇది? ఆ పిల్ల సీటు పోవడానికి నేను ఇరవై మూడేళ్ల వయసులో పడ్డ కుళ్లు కారణమా? ఊరికే వెళ్లి చేరమ్మా అని చెప్పి చూశాను. మీకు విశ్వాసం లేదా ఆంటీ అంది. ఇక దారి లేకపోయింది. బియ్యం బస్తాలు పెట్టిన గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పాను. సునీత, పళ్లెం, బొటనవేలు, ఐదు కార్డులు, తన్నులు తిన్నవాడు కూడా. మొదట నమ్మలేదు. తర్వాత బస్తా మీద కూలబడి కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వీ నవ్వీ ఆగి, అంకుల్‌కు ఎర్కనా అని అడిగింది. తెల్వదన్నాను. మరి ఎప్పుడు చెప్తరు ఆంటీ, అంది. ఆమె బయటికి వెళ్లి ఫోన్ చేసింది. బాపు, ఆటో తీస్కరా, పోదాం, అంది.

సోమవారం చేరిపోయింది. మా ఆయన బాధపడ్డాడు. పాపం పిల్ల ఆగలేకపోయింది, అన్నాడు. నేను టీ పోసి ఇచ్చాను.

ఆ పిల్లకు చెప్పనిది ఒకటుంది. ఇప్పుడు మీకు చెప్పాలి.

ఆ మొదటి కార్డు వెళ్లిన నాలుగో ఏడు మా అత్తమ్మ, అప్పటికి అత్తమ్మ కాదు, దయాకర్ వాళ్ల అవ్వ, మహబూబాబాద్ దవాఖానలో ఉంది. సంఘం నుంచి వంతులవారీగా వెళ్లి చూసి వచ్చేవాళ్లం. నా వంతు నాడు దయాకర్ మందులకు బయటికి వెళ్లాడు. నేను బత్తాయి వొలిచి తొనలు ఆమె చేతికి ఇస్తున్నాను. ఆమె మెల్లగా చెప్పింది. గీ పోరడు ఎవ్వర్నో మనసుల పెట్టుకున్నడు బిడ్డా, అడిగితే కార్డు వచ్చింది, నోరు తెర్వద్దంటడు, గా పిల్ల ఎవరో నీకేమన్న ఎర్కనా, అని.

ఎవరో నాకు తెలియదు. కానీ ఆ కార్డు ఎవరిదో తెలుసు. అవ్వా, అది ఉత్త కార్డు, నేనే కల్పించి రాసిన, అని ఒక్క మాట చాలు. ఆయన ఆ రోజే నోరు తెరిచేవాడు. ఎందుకు చెప్పలేదు? బుద్ధిగా ఆలోచించే చెప్పలేదు. ఆ పిల్ల ఎవరైనా నేను మాత్రం కాదు అనుకున్నాను. సిస్టర్ అని పిలిచి వెళ్లిపోయేవాడు నన్నెందుకు అనుకుంటాడు? నోరు తెరిస్తే ఆమెను చేసుకుంటాడు. తెరవకపోవడమే మంచిది. కార్డు బాగానే పనిచేస్తోంది అని లోపల సంతోషపడ్డాను. ఆ ముఖం తెలియని పిల్లను రెండేళ్లు తిట్టుకున్నాను, అది నేనేనని తెలిసేదాకా.

తెల్వదు అవ్వా, అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. నీ అసొంటి పిల్లైనా మంచిగుండు బిడ్డా, అంది. నేను నవ్వి, ఇంకో తొన ఆమె చేతిలో పెట్టాను. తొమ్మిది రోజులకు పోయింది.

మా ఆయన క్షమిస్తాడో లేదో అన్నది కాదు నా భయం. ఆ సాక్ష్యం తీసేస్తే ఆయన దగ్గర ఏం మిగులుతుంది? తీయకపోతే ఇంకో కీర్తన ఆగిపోదా? రెండూ తెలుసు. రెండిటి మధ్య ఇన్నేళ్లు కూర్చున్నాను. దేవుడికి చెప్పుకున్నాను, చాలాసార్లు. ఆయనకు ముందే తెలుసు గనక చెప్పినట్టు అనిపించలేదు. తెలియని మనిషికి ఒక్కరికైనా చెప్పాలి. మీకు చెప్పాను.