పాకం చూసిన వేలికి మందులు లేవన్నారు

ఫ్యాక్టరీ మందుల కౌంటర్లో మేస్త్రి తాతకు మూడు నెలలు మందులు ఇవ్వలేదు. మిషన్ మీద వేలిముద్ర పడలేదన్నారు. మొన్న గురువారం తెల్లవారుజామున ఆయన చనిపోయాడు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందని నిజామాబాద్ ఆస్పత్రిలో చెప్పారు.

ఆయన మా పక్కింటాయన. బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచి కాచి రిటైరయ్యాడు. నేను పసుపు మిల్లులో పనిచేస్తాను. ఎనిమిదితో బడి ఆగింది. మిగతా చదువు నేనే కిందామీదా పడి నేర్చుకున్నాను, తప్పులు దిద్దింది తాత.

పాకం సంగతి ఎత్తితే ఆయన కళ్లు సగం మూతపడేవి. మరిగే పాకం చుక్కను గాజు పలక మీద తీసుకుని, రెండు వేళ్ల మధ్య రాసి, చక్కెర గింజ కట్టిందో లేదో చెప్పాలి.

"గింజ పుట్టేటప్పుడు సప్పుడుండదు బిడ్డా. పొగమంచు దిగినట్టు దిగుతది. వేలుకొక్కదానికే తెలుస్తది."

వింటుంటే మా గల్లీ అంతా తీపి ఆవిరిలో తేలేది. దండెం మీది చీరలు, ఆగి ఉన్న ఆటో, గోడ మీది పిల్లి, అన్నీ అంచులు కరిగి కనిపించేవి. ఏళ్ల తరబడి అట్లా రాసి రాసి ఆ వేళ్లు నున్నబడ్డాయి. ఒక్క గీత మిగల్లేదు.

సాయంత్రాలు రిటైరైన వాళ్లు మందుల సంచులతో ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఒక అవ్వ ఆరోగ్య పాలసీ కాగితం చూపించి రోజువారీ గోలీలు అడిగితే దుకాణంలో నవ్వారట. తాత ఆమెకు విడమరిచి చెప్పాడు.

"పాలసీ దవాఖానల మంచమెక్కినోళ్లకు అవ్వా. రోజు గోలీకి పైసలియ్యది."

"అయితే నేను మంచమెక్కాల్నా ఏంది?"

"ఎక్కకుండ ఉండేతందుకే గోలీ! మీ ఆయన ఫ్యాక్టరీ కార్డు మీద నీ పేరుంది సూడు. కౌంటర్ల ఉత్తగనే ఇస్తరు. ఆడ లేని మందుకు జనరిక్ దుకాణం. మందు అదే, అంగీ వేరే. డాక్టరుతోని మందు అసలు పేరు రాయించుకో. లేకుంటే రెండు డబ్బాల మీద రెండు పేర్లు సూసి, ఒకటే మందు రెండుసార్లు మింగుతవ్."

అందరికీ చివర్న ఒకటే చెప్పేవాడు: "డాక్టర్ని అడగక గోలీ ఇరగ్గొట్టకుండ్రి."

ఈమధ్య ఆ కౌంటర్లో వేలిముద్ర మిషన్ పెట్టారు. నా బండి మీద ఆయన్ని తీసుకుపోయాను.

"గట్టిగ ఒత్తు తాతా," అన్నాడు కౌంటర్లో మనిషి.

"ఇంక ఒత్తితే నీ మిషన్ పల్గుతది కొడుకా!"

లైన్లో అందరూ నవ్వారు. తాత గోడ మీది కాగితం చూపించాడు. "ముద్ర పడకుంటే సంతకం తీస్కొని ఇయ్యాలని మీరే అంటిచ్చిండ్రు గద?"

"దానికి సార్ ఒప్పుకోవాలె. సార్ రాలే."

రెండో నెలా సార్ రాలేదు. మూడో నెలా రాలేదు.

జనరిక్ దుకాణంలో నేను కొనుక్కొస్తానన్నాను. "నా సర్వీసుకిచ్చిన మందు నాకియ్యాలె. నీ కూలి మీద మింగుతనా?" అని కసిరాడు. పాతవి చాలా ఉన్నాయన్నాడు. నమ్మాను. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆయన పోయాక దిండు కింద సగానికి విరిచిన గోలీలు దొరికాయి.

ఇప్పుడు పొద్దున మిల్లుకు పోతుంటే రోడ్డు పక్క చెరకు పొగమంచులా తెల్లగా పూసి ఊగుతుంది. ఆ మంచులోంచి ఎవరో నడిచి వస్తున్నట్టే ఉంటుంది. బండి ఆపుతాను. ఎవరూ రారు.

మా గల్లీలో ఇంకా ఏడుగురు పాత కార్మికులున్నారు. వాళ్ల వేళ్లూ అరిగినవే. ముద్ర పడని వాళ్లకు సంతకం తీసుకుని అదే రోజు మందులిస్తామని, కౌంటర్ అధికారి గారూ, మీరు కాగితం మీద రాసివ్వాలి. వచ్చే శనివారం సాయంత్రం ఐదు దాకా గడువు. ఆ రోజు పొద్దున్నుంచి మేం ఎనిమిది మందిమి మీ మెట్ల మీదే ఉంటాం, ఖాళీ సంచులు ఒళ్లో పెట్టుకుని.